తవ్వకాల డాక్టరుగారి కొత్త సెట్టు

శనివారం పొద్దున డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. క్లినిక్‌కి సెలవు పెట్టి పదింటికి గోల్ఫ్ సామాన్ల దుకాణానికి వెళ్ళాలి. ఐరన్లనే ఆట కర్రలు కొత్తవి ఎంచుకోవాలి. భోజనం వేళకి ఇల్లు చేరాలి. సాయంత్రం మైదానంలో నాలుగు దెబ్బలు కొట్టి వాటిని చేతికి అలవాటు చేసుకోవాలి. ఆదివారం పొద్దున పోటీలో ఆడి క్లబ్బు జట్టులో చోటు కొట్టేయాలి. తను అనుకున్నది అనుకున్నట్టు ఇంతవరకూ ఒక్కసారైనా జరిగిందా అని ఆయన ఒక్క నిమిషం ఆలోచించుకుని ఉంటే ఈ కథ రాయాల్సిన పని ఉండేది కాదు.

ఆయన పళ్ళ డాక్టరు. వారంలో ఆరు రోజులు ఊరివాళ్ళ నోళ్ళలో చేతులు పెట్టి, వాళ్ళు తిరిగి మాట్లాడలేని స్థితిలో వాళ్ళకి సలహాలిస్తూ హాయిగా బతుకుతున్న మనిషి. ఏడో రోజు గోల్ఫ్ క్లబ్బులో మాత్రం అందరి నోళ్ళూ ఖాళీగానే ఉంటాయి. ఆట మొదలుపెట్టిన కొత్తలో ఆయన కర్రెత్తి కొడితే బంతి ఉన్నచోటే ఉండేది, దాని వెనకున్న గడ్డి మట్టితో సహా లేచి అల్లంత దూరాన పడేది. "డాక్టరుగారు పన్ను వేళ్ళతో సహా పీకేశారయ్యా!" అని ఎవరో అన్నారు. ఆ రోజు నుంచీ ఆయన తవ్వకాల డాక్టరు. ఈ ఏడాది ఆట నిజంగానే బాగుపడింది. బంతి గాల్లోకి లేస్తోంది, చాలాసార్లు ఆయన చూసిన వైపే వెళుతోంది కూడా. పేరు మాత్రం బాగుపడలేదు. జట్టులో చోటు దొరికితే ఆ పేరు చచ్చి ఊరుకుంటుందనీ, కనీసం ఒక్కడైనా "బాగా ఆడారు" అంటాడనీ ఆయన ఆశ. తల నెరుస్తున్న వయసులో మారుపేరు గురించి కుమిలిపోతున్నానని చెప్పుకోవడం నామోషీ కాబట్టి ఆ ఆశని ఇంట్లో కూడా చెప్పలేదు.

జట్టులో ముగ్గురు ముందే ఖాయమయ్యారు. మిగిలిన ఒక్క చోటుకీ ఇద్దరు పోటీదారులు. ఒకరు డాక్టరు. రెండోవాడు బయటివాడైతే బాగుండేది. సాక్షాత్తూ ఆయన బావమరిది.

"పాత సెట్టు ఏదండీ? గుమ్మం పక్కన అడ్డంగా ఉండేది, కనబడడం లేదు" అంది భార్య కాఫీ కప్పు ముందు పెడుతూ. ఆవిడ హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్. ఇంట్లో కూడా హాజరు వేస్తూనే ఉంటుంది.

"నిన్న ఇచ్చేశాను. మీ తమ్ముడు ఎవరినో వెంటబెట్టుకొచ్చాడు. అతను ఆట నేర్చుకుంటాట్ట, బ్యాగుతో సహా పట్టుకుపోయాడు. పట్టర్ ఒక్కటీ ఉంచుకున్నాను."

"పట్టరంటే?"

"చివర్లో బంతిని గుంటలోకి దొర్లించేది."

"అంటే ముందు నుంచీ చివరిదాకా కొట్టేవన్నీ ఇచ్చేశారు. రేపు పోటీ పెట్టుకుని!"

"కొత్తవి ఇవాళ వచ్చేస్తున్నాయిగా!"

"ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. అసలు ఆ పాతవాటికేం వచ్చింది?"

"అవి నేర్చుకునేవాళ్ళ కర్రలు. నేనిప్పుడు నేర్చుకునేవాణ్ణి కాదు, మెరుగవుతున్నవాణ్ణి. మీ తమ్ముడే చెప్పాడు. నా ఆటకి అడ్డం ఆ కర్రలేనట."

"ఆడలేక మద్దెల ఓడన్నారు పెద్దలు" అని ఆవిడ కప్పు తీసుకుని వెళ్ళిపోయింది. కాఫీ ఇంకా సగం ఉంది.

ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. ఈ ఆటలో తక్కువ దెబ్బల్లో బంతిని అన్ని గుంటల్లోకీ వేసినవాడిదే గెలుపు. గోల్ఫ్ ఆడేవాడి సంచిలో ఇనప తలకాయ ఉన్న కర్రల్ని ఐరన్లంటారు. వాటి అడుగున అంకెలుంటాయి. అంకె చిన్నదైతే బంతి దూరం పోతుంది, పెద్దదైతే ఎత్తుగా లేచి దగ్గర్లో పడుతుంది. నాలుగు నుంచి మొదలుపెట్టి, ఇసకలోంచి బంతిని లేపే కర్ర దాకా కలిపితే ఎనిమిది. ఏడో నంబరు మధ్యస్థం. ఎవరి చేతిలోనైనా ఓ మోస్తరుగా మాట వినేది అదే.

దుకాణంలో కొలతలు తీసే మనిషికి మాటలెక్కువ. డాక్టర్ని బూట్లతో నిటారుగా నిలబెట్టి, మణికట్టు నుంచి నేల దాకా టేపు పట్టి, "మీ చేతులు పొడుగు సార్. కాళ్ళు ఆ మాత్రం కాదు" అన్నాడు. తర్వాత ఓ వల ముందు నిలబెట్టి కర్ర తర్వాత కర్ర అందించాడు. డాక్టరు కొడుతూ పోయాడు. ప్రతి దెబ్బకీ బంతి ఎక్కడ పడేదో చూపిస్తూ గోడ మీద తెరలో ఏవో గీతలు, రంగులు వచ్చాయి. డాక్టరు కళ్ళు మాత్రం మూలనున్న స్టాండు మీదే ఉన్నాయి. అక్కడ కత్తుల్లా సన్నటి తలకాయలున్న ఐరన్లు నిగనిగలాడుతున్నాయి. బావమరిది చెప్పింది వాటి గురించే. "బావా, చేయి తిరిగినవాళ్ళు అవే వాడతారు. బ్యాగులోంచి తీస్తేనే సగం మంది హడలి చస్తారు."

"నాకు అవి కావాలి" అన్నాడు డాక్టరు.

"వద్దు సార్. అవి బంతికి నట్టనడుమ తగిలితేనే పలుకుతాయి. కాస్త పక్కన తగిలిందా, చెయ్యి జిల్లుమంటుంది, బంతి బద్ధకిస్తుంది. మీకు ఈ బొద్దుగా ఉన్నవి సరిపోతాయి. ఇవి తప్పుల్ని క్షమించే రకం."

డాక్టరుకి చురుక్కుమంది. "నా తప్పులు చూశావా నువ్వు?"

"తెర మీద ఉన్నాయి సార్" అన్నాడతను వినయంగా.

తెర మీద నిజంగానే ఉన్నాయి. బొద్దు కర్రతో కొట్టిన బంతులన్నీ ఒక కుప్పగా పడ్డాయి. సన్న కర్రవి, పెళ్ళికొచ్చి తప్పిపోయిన పిల్లల్లా తలోచోటా ఉన్నాయి. యంత్రంలో ఏదో దోషం ఉందన్నాడు డాక్టరు. ఉండొచ్చన్నాడతను. వాదన అలా సాగి సాగి, చివరికి అలసిపోయి, "సరేనయ్యా, ఏదో ఒకటి కట్టించు. పట్టుకెళ్ళిపోతాను" అన్నాడు డాక్టరు.

"పట్టుకెళ్ళడం ఎక్కడ సార్? మీ కొలతలకి కర్రలు కోయించి, తలకాయలు బిగించి తెప్పించాలి. మూడు వారాలు పడుతుంది."

డాక్టరు కాళ్ళ కింద నేల ఉన్నట్టే ఉంది గాని, ఆయనకి మాత్రం లేనట్టనిపించింది. పాతవి పోయాయి, కొత్తవి రాలేదు, పోటీ రేపు. ఉన్నమాట ఉన్నట్టు చెప్పి, "బాబూ, నా దగ్గర పట్టర్ తప్ప ఒక్క కర్రా లేదు, ఒక పూటకి పూర్తి సెట్టు ఇప్పించు" అని ఉంటే ఆ మనిషి ఏదో ఒకటి చూసేవాడే. కాని కొత్తవి చేతికి రాకుండానే పాతవి దానం చేసిన తెలివి గురించి పరాయివాడి ముందు ఎలా చెప్పడం? డాక్టరు గొంతు సవరించుకుని, "అబ్బే, తొందరేం లేదు. రేపు ఊరికే మైదానంలో కొట్టి చూసుకుందామని. ట్రయల్‌కి ఏమైనా ఇస్తారా?" అన్నాడు, అదేదో పెద్ద విషయం కానట్టు.

"దానికేం సార్, ఇస్తాం" అని అతను లోపలికెళ్ళి ఒక బ్యాగు తెచ్చాడు. సరిగ్గా అప్పుడే భార్య ఫోను. సాయంత్రం స్కూల్లో ఆటల పోటీలున్నాయి, కారు కావాలి, ఎక్కడున్నారు, ఇంకా ఎంతసేపు. డాక్టరు ఒక చెవితో ఆవిణ్ణి వింటూ, ఒక కంటితో బ్యాగు చూశాడు. ఎనిమిది కర్రలు. ప్రతి తలకాయకీ గుడ్డ తొడుగు, దానికో ముడి. కొలతలాయన ఏదో చెబుతూనే ఉన్నాడు. "...రకరకాలవి పెట్టాను సార్, అన్నిటితోనూ కొట్టి చూడండి. తొడుగులు మైదానంలోనే విప్పండి. గీత పడితే మా ఓనరు నన్ను బతకనివ్వడు." డాక్టరు తలూపాడు. ఎనిమిది ఉండాలి, ఎనిమిది ఉన్నాయి. ఇంకేం కావాలి?

ఇంటికి రాగానే కారు, కారుతో పాటు డిక్కీలో ఉన్న బ్యాగూ భార్యతో స్కూలుకి వెళ్ళిపోయాయి. సాయంత్రం సాధన ఆ విధంగా గంగలో కలిసింది. ఇంట్లోనైనా ఒకసారి విప్పి చూసుకుందామంటే అదీ కుదరదు. పోయినసారి హాల్లో కర్ర తిప్పి అద్దాల బీరువా పగలగొట్టినప్పటి నుంచీ ఆ ఇంట్లోకి ఐరన్లకి ప్రవేశం లేదు. బ్యాగు రాత్రంతా డిక్కీలోనే ఉంది.

ఈలోగా బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, సెట్టు వచ్చేసిందటగా! అక్క చెప్పింది, డిక్కీలో ఏదో బ్యాగు ఉందని."

"ఆ... వచ్చింది."

"నీ కొలతలకి చేయించినవేనా?"

కాదనడానికి డాక్టరు నోరు తెరిచాడు. మూడు వారాల సంగతి చెప్పాలి, ట్రయల్ సంగతి చెప్పాలి, అది విని వీడు నవ్వుతాడు. నోరు మూసుకుని, "కొలతలు తీశారు" అన్నాడు. అది అబద్ధం కాదు.

అబద్ధం కాని ఆ రెండు ముక్కలూ పొద్దున్నకల్లా క్లబ్బంతా తిరిగొచ్చాయి. ఆదివారం డాక్టరు కారు దిగేసరికి మొదటి గుంటకి ఆట మొదలుపెట్టే చోట జనం. తవ్వకాల డాక్టరు చేతి కొలతకి అచ్చు పోయించి ఐరన్లు చేయించాడట అని ఒకరు, విదేశం నుంచి మనిషి వచ్చి మణికట్టు కొలిచి వెళ్ళాడట అని ఇంకొకరు. కెప్టెన్ కూడా వచ్చి నిలబడ్డాడు. ఆయన రిటైరైన జడ్జి. నియమాలంటే ప్రాణం. ఆట మొదలయ్యేముందు అందరి ఫోన్లూ ఒక పెట్టెలో వేయించి తాళం వేస్తాడు. తొమ్మిది గుంటల పోటీలో డాక్టరూ, బావమరిదీ ఆడబోయేది ఆయనతోనే.

"ఒక్కటైనా చూపించండి డాక్టరుగారూ" అన్నాడు కెప్టెన్.

డాక్టరు ఒక ముడి విప్పాడు. బొద్దుగా, మెరుస్తూ ఏడో నంబరు బయటికొచ్చింది. అందరూ ఒకసారి ‘ఓ’ అన్నారు. డాక్టరు ఛాతీ కాస్త ముందుకొచ్చింది. "మిగతావి ఆటలో చూద్దురుగాని" అని, మొదటి దెబ్బ దూరం కొట్టాలి కాబట్టి నాలుగో నంబరు కోసం రెండో ముడి విప్పాడు. ఏడు. పొరపాటున ఏడో నంబర్లు రెండు పెట్టినట్టున్నాడు అనుకుని మూడోది విప్పాడు. అదీ ఏడే. జనానికి వీపు తిప్పి, బ్యాగు మీదకి వంగి, దొంగలా నాలుగోది, ఐదోది, అలా చివరిదాకా తొడుగుల సందులోంచి చూశాడు. ఎనిమిది రకాల తలకాయలు, ఎనిమిది రంగుల పిడులు. అన్నిటి అడుగునా ఒకే అంకె.

అప్పుడు వెలిగింది. కొలతల దగ్గర అతను అందించినవన్నీ ఏడో నంబర్లే. రకానికీ రకానికీ తేడా తెలియాలంటే అంకె ఒకటే ఉండాలి కదా! ‘రకరకాలవి పెట్టాను, అన్నిటితోనూ కొట్టి చూడండి.’ ఊరికే కొట్టి చూసుకుంటానన్నవాడికి అతను సరిగ్గా ఇవ్వాల్సిందే ఇచ్చాడు. ఇందులో తిట్టడానికి కూడా ఎవరూ లేరే అని డాక్టరుకి ఒళ్ళు మండిపోయింది.

ఫోన్ పెట్టెలో ఉంది. ఆట మొదలయ్యాక ఇంకొకరి కర్ర అరువు తీసుకోవడం నిషిద్ధం. ఇప్పుడే చేతులెత్తేసి నిజం చెబితే? ఎదురుగా ముప్పై మంది. తవ్వకాల డాక్టరనే పేరు పోవడం మాట అటుంచి, దానికి ముందో తోకా వెనకో తోకా తగులుతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయన నుయ్యే నయమనుకుని, చేతిలో ఉన్న ఏడుతోనే బంతి ముందు నిలబడ్డాడు.

గోల్ఫ్‌లో ఒక నియమం ఉంది. ‘ఏ కర్రతో కొట్టావు?’ అని పక్కవాణ్ణి అడగకూడదు. అడిగితే శిక్ష. ఓరకంట చూడ్డానికి మాత్రం శిక్ష లేదు. అందువల్ల ఆ క్లబ్బులో పాత సభ్యులందరికీ మెడ కాస్త ఒక పక్కకి తిరిగిపోయి ఉంటుంది. ఆ పూట రెండు మెడలు డాక్టరు బ్యాగు వైపు తిరిగాయి.

మొదటి గుంటకి మామూలుగా డాక్టరు పెద్ద కర్ర తీసి, బలమంతా ఉపయోగించి, బంతిని చెట్లలోకి పంపించేవాడు. ఇప్పుడు పెద్ద కర్ర లేదు. ఏడుతో బుద్ధిగా కొట్టాడు. బంతి బుద్ధిగా మధ్యలో పడింది. మళ్ళీ ఏడు, మళ్ళీ మధ్యలో. చివర్లో తన పాత పట్టర్‌తో గుంటలోకి దొర్లించాడు. బావమరిది బలంగా కొట్టి చెట్లలోకి పోయాడు. కెప్టెన్ అతని వెనకే పోయాడు. బంతులు వెతకడంలో వాళ్ళిద్దరికీ చెమటలు పట్టాయి. డాక్టరుకి చెమట పట్టిన కారణం వేరు.

ప్రతి దెబ్బకీ ఆయన పడ్డ పాట్లు చూడాలి. అన్నీ ఒకటేనని తెలియకూడదు కాబట్టి బ్యాగు ముందు నిలబడి గడ్డం నిమురుకోవాలి. ఒకటి సగం లాగి, తల అడ్డంగా ఊపి, లోపలికి తోసి, ఇంకొకటి తీయాలి. గాల్లోకి రెండు గడ్డిపోచలు ఎగరేయాలి. ముడి విప్పాలి, కొట్టాలి, వెంటనే ముడి వేయాలి. ‘ఎంచుకోవడం’ అనే పని అంత శ్రద్ధగా ఆయన జన్మలో ఎప్పుడూ చేయలేదు, అదీ ఎంచుకోవడానికి ఏమీ లేనప్పుడు. ఈ నరకం కన్నా రోజుకి ఇరవై పళ్ళు పీకడం మేలనుకున్నాడు.

మూడో గుంట దగ్గర బంతులన్నీ వంద గజాల్లోకి వచ్చాయి. అక్కడ ఎవరైనా తొమ్మిదో నంబరు తీస్తారు. డాక్టరు ఏడు తీసి సగం ఊపుతో నెమ్మదిగా కొట్టాడు. బంతి ముందే నేలకి దిగి, దొర్లుకుంటూ గుంట దగ్గర ఆగింది. బావమరిది మెడ సాగింది. అడుగున అంకె కనబడింది. ‘వందకి ఏడా! ఎదురుగాలి ఎంత బలంగా ఉందో, బావ గడ్డిపోచలు ఎగరేసింది అందుకే’ అనుకుని, వాడు కూడా తొమ్మిది లోపల పెట్టి ఏడు తీసి నిండుగా కొట్టాడు. ఎదురుగాలి లేదు, వెనకగాలీ లేదు. బంతి గుంట మీదుగా, పొదల మీదుగా, కంచె మీదుగా అవతల రోడ్డు మీదకి పోయింది.

"ఏంటి బావా ఇది!" అన్నాడు వాడు ఏడుపు మొహంతో.

"నన్నడుగుతావేంట్రా? నీ కర్ర, నీ బంతి!" అన్నాడు డాక్టరు. గొంతులో విసుగు నటన కాదు. ఎదుటివాడు తన సంచిలోకి తొంగి చూస్తున్నాడని తెలిశాక ఆయనకి ముడులు వేసే పని రెట్టింపైంది.

అయినా ఆరో గుంట దాటేసరికి డాక్టరుకి లోపల ఏదో కొత్తగా ఉంది. ఇంతసేపటిగా ఒక్క మట్టి పెళ్ళ కూడా లేవలేదు. వెనక్కి తిరిగి చూస్తే తను నడిచొచ్చిన పచ్చిక అంతా నున్నగా ఉంది. ఏ కర్ర తీయాలా అన్న బెంగ లేకపోవడంతో చేతులు తమ పని తాము చేసుకుపోతున్నాయి. నాలుగేళ్ళుగా ఈ ఆట తనని ఏడిపించడమే చూశాడు గాని, ఇంత ముద్దుగా మాట వినడం ఎప్పుడూ చూడలేదు. ఆయనకి చాలా సంతోషమేసింది, కళ్ళు కూడా కాస్త చెమర్చాయి. అది బయటపడకుండా మళ్ళీ గడ్డిపోచలు ఎగరేశాడు.

ఎనిమిదో గుంటకి మధ్యలో నీళ్ళున్నాయి. అవతలి గట్టు దాటాలంటే కెప్టెన్ లాంటివాళ్ళకైనా ఐదో నంబరు కావాలి. డాక్టరు బ్యాగు ముందు నిలబడి మొదటిసారి నిజంగా ఆలోచించాడు. సన్నటి కత్తిలాంటి ఏడు మీద చెయ్యి వేశాడు. చూడ్డానికి అదే బాగుంది. చెయ్యి దాని మీదే కాసేపు ఉండి, నెమ్మదిగా పక్కకి జరిగి, బొద్దు కర్రని పట్టుకుంది. అదైతే కాస్త దూరం పంపుతుంది. పైగా క్షమిస్తుంది. క్షమాపణ ఎవరిదైతేనేం, ఇప్పుడు కావలసింది అదే. కళ్ళు మూసుకున్నంత పని చేసి కొట్టాడు. దెబ్బ అంత బాగా ఏమీ తగల్లేదు. బంతి నీళ్ళ మీదుగా అతికష్టం మీద ఎగిరి వెళ్ళి, అవతలి గట్టు మీద అంచుకి ఒక్క అడుగు లోపల దిగి, ముందుకి గెంతింది.

కెప్టెన్ మెడ అరవై ఎనిమిదేళ్ళ వయసులో అంత తిరుగుతుందని ఎవరూ అనుకోరు. ఏడు! తవ్వకాల డాక్టరు ఏడుతో నీళ్ళు దాటించాడు! కెప్టెన్ చెయ్యి అప్పటికే ఐదో నంబరు మీద ఉంది. దాన్ని అక్కణ్ణించి తీసేశాడు. పళ్ళ డాక్టరు ఏడుతో దాటించిన నీళ్ళని తను ఐదుతో దాటిస్తే, సాయంత్రం క్లబ్బులో మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ఏడు తీసి కొట్టాడు. దబ్బుమంది. ఇంకో బంతి పెట్టి మరింత బలంగా కొట్టాడు. దబ్బుమంది. కర్ర పొరపాటని ఒప్పుకోవడం ఆయన ఉద్యోగంలోనే లేదు. మూడోది కూడా నీళ్ళలోనే పడింది. బావమరిది ఇవన్నీ చూసి, పెద్దవాళ్ళు ఏదో ఆలోచించే చేస్తారన్న గౌరవంతో తనూ ఏడే తీసి రెండు బంతులు నీళ్ళపాలు చేశాడు.

లెక్కలు తేలేసరికి డాక్టరు బావమరిది కన్నా చాలా ముందున్నాడు. కెప్టెన్ కన్నా కూడా ముందున్నాడు. అది ఆయన జీవితంలోకెల్లా గొప్ప ఆట. ముప్పై మందీ చుట్టూ మూగారు. ఎవరైనా ఇప్పుడు ‘బాగా ఆడారు’ అన్న ఆ ఒక్క మాట అంటారేమోనని ఆయన ఒక్కొక్కరి మొహం చూశాడు.

"ఏం ఐరన్లండీ బాబూ!" అన్నారొకరు. "బంతిని చేత్తో తీసుకెళ్ళి పెట్టినట్టు పెడుతున్నాయి!" అన్నారు ఇంకొకరు. ఎవరో దుకాణం ఎక్కడని అడిగారు. బావమరిది కూడా నీరసంగా చెయ్యి కలిపి, "సెట్టు అదిరింది బావా" అన్నాడు.

కెప్టెన్ మాత్రం డాక్టర్ని బట్టలు మార్చుకునే గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాడు. "ఆట అయిపోయింది. ఇప్పుడు అడగొచ్చు. బ్యాగు విప్పండి."

డాక్టరు ఒక్కొక్క ముడీ విప్పి, ఎనిమిదింటినీ బల్ల మీద వరసగా పెట్టాడు. కోర్టులో వస్తువులు పెట్టినట్టుంది. దాచడానికి ఇంక ఓపిక లేదు. పాత సెట్టు ఇచ్చేసిన దగ్గర్నుంచీ అంతా చెప్పేశాడు. కెప్టెన్ ఒక్కొక్కదాన్నీ తిప్పి అడుగు చూశాడు.

"వంద గజాల దగ్గర?"

"ఏడే సార్."

"నీళ్ళ మీద?"

"ఏడే. అది మీరు చూసే ఉంటారు."

కెప్టెన్ తల పైకెత్తాడు. "నేనెందుకు చూస్తాను? పక్కవాడి సంచిలోకి చూడ్డం నా అలవాటు కాదు."

"మరి ఐదు మీంచి చెయ్యి తీసి..."

"చూడలేదన్నాను కదా! కనబడింది."

డాక్టరు తీర్పు కోసం ఎదురుచూశాడు. ఈ సంగతి బయటికి పొక్కితే నవ్వులపాలయ్యేది తను ఒక్కడే కాదని ఆయనకి అప్పుడే తట్టింది. కెప్టెన్‌కి అంతకుముందే తట్టినట్టుంది. ఆయన కర్రలన్నిటికీ స్వయంగా తొడుగులు వేసి, ముడులు వేసి, బ్యాగు జిప్పు లాగి, చిన్నగా నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు డాక్టరుకి నచ్చలేదు.

"వచ్చే నెల మనం ఆడబోయే క్లబ్బువాళ్ళున్నారే, వాళ్ళ మెడలు మనకన్నా ఎక్కువ తిరుగుతాయి. ఎదుటివాడు ఏం తీశాడో చూడందే చెయ్యి కదపరు. నాలుగో చోటు మీదే డాక్టరుగారూ. రేపు దుకాణానికి వెళ్ళి ఈ బ్యాగు ఉన్నదున్నట్టు తీసేసుకోండి. ఒక్క కర్ర మారకూడదు."

"మరి నేను ఆర్డరు పెట్టబోయే సెట్టు? నా కొలతలకి..."

"అది మీరు ఇంటి దగ్గర ఆడుకోండి."

"సార్, నేనివాళ నిజంగా బాగా ఆడాను" అన్నాడు డాక్టరు. ఎవరూ అనని ఆ మాట చివరికి తనే అనుకోవాల్సి వచ్చింది. "ఒక్క పెళ్ళ కూడా లేవలేదు. మీరు పచ్చిక చూడండి కావాలంటే. మరి నా ఆట సంగతి?"

"మీ ఆటకేం డాక్టరుగారూ, దాన్నెవరు చూస్తారు?" అని కెప్టెన్ ఆయన భుజం తట్టి, తలుపు తీసి, బయట ఎదురుచూస్తున్న జనానికి నాలుగో పేరు ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. "తవ్వకాల డాక్టరుకి జై!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

ఇంటికి వచ్చేసరికి భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. తమ్ముడు ఫోన్లో ఏదో సగం చెప్పి పెట్టేసినట్టుంది.

"అయితే మిమ్మల్ని జట్టులోకి తీసుకున్నారన్నమాట!"

"బ్యాగుని తీసుకున్నారు" అన్నాడు డాక్టరు చెప్పులు విప్పుతూ. "మోయడానికి నన్ను రమ్మన్నారు."